గురువు కట్టుకున్న పంచ

చెన్నవీరుడికి ఒళ్లంతా దురద పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు.

చలికాలంలో చర్మం పొడిబారి మొదలైన దురద అది. కాస్త నూనె రాసుకుంటే పోయేదే. కానీ చెన్నవీరుడు శుభ్రానికి పేరుపడ్డ ఇంట్లో పుట్టినవాడు. పొగలు కక్కే నీళ్లు పోసుకుని, కుంకుడు రసంతో మండేదాకా రుద్దుకున్నాడు. రుద్దినకొద్దీ దురద పెరిగింది. దురద పెరిగినకొద్దీ ఇంకా రుద్దాడు.

ఒకనాడు గోక్కుంటూ ఉండగా మనసులో ఒక మాట మెదిలింది. పెద్దరోగం. ఇక అతనికి కంటి మీద కునుకు లేదు. ఆ రోజుల్లో పెద్దరోగం, అంటే కుష్టు, అని తేలినవాణ్ని పెన్న ఏటి అవతల పాకలో పెట్టేవారు. తిండి ఒడ్డున పెట్టి, ఒక కేక వేసి వెనక్కి వచ్చేసేవారు. కన్నతల్లి కూడా దగ్గరికి పోయేది కాదు. చెన్నవీరుడికి చావంటే అంత భయం లేదు. ఆ కేకంటేనే భయం.

అతను చదువుకుంటున్న రేవణయ్యస్వామి మఠంలో ఎవరి బట్ట అంటూ ఉండేది కాదు. అందరివీ కావి పంచలే. అన్నీ ఒకే తొట్టిలో ఉతికి, ఒకే దండెం మీద ఆరేసేవారు. పొద్దున చేతికి ఏది అందితే అది కట్టుకోవాలి. స్వామికైనా అదే నియమం.

తన పంచ ఇంకెవరైనా కట్టుకుంటే? వాళ్లకు అంటుకుంటే? తన గుట్టు బయటపడితే? చాకలివాళ్లు నల్లజీడి రసంతో బట్టలకు గుర్తులు పెట్టడం అతను చూశాడు. ఆ రసం తగిలితే ఒళ్లు పొక్కుతుందని మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక పంచ తీసి, గోచీ దోపే అంచు మీద మూడు గీతలు గీసి దాచుకున్నాడు. రోజూ దాన్నే ఉతికి దండెం చివర వేసి, ఆరీ ఆరకముందే మళ్లీ కట్టుకునేవాడు. గుర్తు చెరిగిపోతుందేమోనని గీతల మీద గీతలు దిద్దేవాడు. గుడ్డ చిరిగినా జీడి గుర్తు పోదని తెలియదు, పాపం.

నడుము వెనక మంట మొదలైంది. పొక్కులు లేచాయి, రసి కారింది. వెనక ఉన్నది కంటికి కనబడదు కదా, వేళ్లతో తడిమి చూసుకునేవాడు. తడిమినప్పుడల్లా రోగం ముదిరిందనుకునేవాడు. పంక్తిలో అందరికీ దూరంగా కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరైనా భుజం మీద చెయ్యి వేయబోతే తప్పుకునేవాడు.

స్వామి ఇదంతా చూస్తూనే ఉన్నారు. ఒక పొద్దున స్నానం చేసి వచ్చి, దండెం చివర ఉన్న ఆ పంచను లాగారు.

"సామీ, అది వద్దు!" చెన్నవీరుడు అరిచినంత పని చేశాడు.

"ఏమప్పా, చినిగిందా?"

"లేదు సామీ... ఇంకా తడి ఆరలేదు."

"నా ఒంటి మీద ఆరుతాదిలే. నువ్వు ఇంకోటి కట్టుకో."

స్వామి గోచీ దోపుకుని వెళ్లిపోయారు. తన నియమం తానే తప్పి, మర్నాడూ ఆ తర్వాతా అదే పంచ కట్టారు. చెన్నవీరుడికి బెంగతో అన్నం సయించలేదు. వేడినీళ్లూ కుంకుడు రసమూ మరిచిపోయి, ఏదో నాలుగు చెంబులు చన్నీళ్లు గుమ్మరించుకుని వచ్చేసేవాడు.

కొన్నాళ్లకు నడుము మంట చల్లబడింది, ఒంటి దురదా నెమ్మదించింది. ఇదేమిటా అని అతను ఆశ్చర్యపోతూ ఉండగానే, పాఠం చెబుతున్న స్వామి చెయ్యి వెనక్కి పోనిచ్చి నడుము గోక్కోవడం కంటబడింది.

చెన్నవీరుడి పైప్రాణాలు పైనే పోయాయి. తన రోగం గురువుకు అంటింది! పెన్న అవతల పాకలో గురువు ఒంటరిగా కూర్చున్నట్టూ, ఇవతలి ఒడ్డు నుంచి తానే కేక వేస్తున్నట్టూ కళ్లకు కట్టింది.

పాఠం ముగిసి అందరూ లేచిపోయాక, పాదాలు తగలనంత దూరంలో సాగిలపడ్డాడు.

"సామీ, నాకు పెద్దరోగం. దాచినాను. మీకూ అంటించినాను. నేను పోతా."

"యాడికి?"

"ఏటి అవతలికి."

"పోదువులే. ముందు ఇట్ల రా."

స్వామి వీపు తిప్పి కూర్చుని, గోచీ సడలించారు. నడుము మీద మూడు ఎర్రటి గీతలు పొక్కి ఉన్నాయి. వాటి పక్కన చర్మం శుభ్రంగా ఉంది. చెన్నవీరుడు ఆ గీతలను చూశాడు. పంచ అంచు మీద ఉన్న నల్ల గీతలను చూశాడు.

"ఇది... జీడి వల్లనా సామీ?"

"జీడే."

"మీకు తెలుసు కదా! ఒక్క మాట చెప్పకూడదా? ఎందుకు కట్టుకున్నారు సామీ?"

"చెప్పింటే నమ్మేవాడివా?"

నమ్మేవాణ్ని కాదని చెన్నవీరుడికే తెలుసు. గురువు జాలిపడి అబద్ధం చెబుతున్నారనుకుని, ఆ పూటే ఏరు దాటేవాడు. ఏడుపు వచ్చింది.

స్వామి కొబ్బరినూనె గిన్నె అతని ముందుకు జరిపారు.

"నాకు వెనకకు చెయ్యి అందదు. రాయి."

చెన్నవీరుడు నూనెలో వేళ్లు ముంచాడు. ఇన్నాళ్లుగా ఎవరినీ తాకని చెయ్యి అది. గురువు ఒంటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"రాయప్పా," అన్నారు స్వామి. "తర్వాత నీకు నేను రాస్తా."