సూరమ్మ మెచ్చిన చుట్ట

గోదావరి లంకలో చుట్టలు చుట్టే పేర్రాజు మంచి పనివాడే గానీ, పొగాకు రంగు చూసే రుచి తేల్చేసేవాడు. పసుపు ఆకు కమ్మన, నల్ల ఆకు ఘాటు. అంతే, ఇక ఎవరు చెప్పినా వినేవాడు కాదు. నల్ల ఆకు కట్టలను మూలకు తోసేసేవాడు.

ఆ చుట్టల కొట్టు అతని మేనమామ వెంకటస్వామిది. ఆయనకు పిల్లలు లేరు. వయసు పైబడింది కాబట్టి కొట్టు మేనల్లుడికే అప్పగించాలనుకున్నాడు. పేర్రాజుకూ అదే కల. అయితే మామ ఒక మెలిక పెట్టాడు. ఆ లంకలో సూరమ్మ అనే ముసలామె ఉండేది. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. మొహమాటం బొత్తిగా ఎరగదు. ఆమె మెచ్చే చుట్ట చుడితే కొట్టు నీదేనన్నాడు.

సూరమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. చుట్ట కమ్మగా ఉండాలని, గొంతు పట్టకూడదని చెప్పింది. పేర్రాజుకు ఎగిరి గంతేయాలనిపించింది. లోపల మామూలు ఆకు పెట్టి, మేలైన పసుపు ఆకు ఏరి పైన చుట్టి, ఎంత ముచ్చటగా ఉందో చూడమన్నాడు. సూరమ్మ చూడనేలేదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంది. రెండు దమ్ములకే దగ్గు తెర అందుకుంది.

"నిప్పు నోట్లోకెళ్ళాక రంగెవడిక్కావాల్రా అబ్బాయ్? నాలిక చుర్రుమంటంది," అంది.

పేర్రాజు ముఖం వాడిపోయింది. వెంకటస్వామి మూలనున్న నల్ల ఆకు తెచ్చి, లోపలి ఆకు మార్చకుండా మరో చుట్ట చుట్టి ఇచ్చాడు. సూరమ్మ తాగుతూ హాయిగా కళ్ళు మూసుకుంది. బెల్లం పాకం వాసన వస్తోందంది. పసుపు ఆకును ముదరకముందే కోసి గబగబా ఆరబెట్టారని, దాని ఘాటు దానిలోనే ఉండిపోయిందని మామ వివరించాడు. ఈ నల్లదేమో మొక్క మీదే బాగా పండి, నెలల తరబడి గుట్టలో మగ్గి ఘాటు పోగొట్టుకుందన్నాడు.

"అయితే ఇకనుంచి అన్నిటికీ నల్ల ఆకే చుడతాను మావయ్యా," అన్నాడు పేర్రాజు హుషారుగా.

వెంకటస్వామి నవ్వి, ఇంకో కట్టలోని నల్ల ఆకుతో చుట్ట చుట్టి అతనికే ఇచ్చాడు. ఒక్క దమ్ముకే పేర్రాజు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అది మగ్గకుండానే వానకు తడిసి నల్లబడిన ఆకు. సూరమ్మ పడీ పడీ నవ్వింది.

కొట్టు ఆ రోజు చేతికి రాలేదు. పేర్రాజుకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ రోషం గల మనిషి. మర్నాటి నుంచి ప్రతి కట్టనూ విప్పి వాసన చూశాడు, వేళ్ళతో నలిపి చూశాడు, చిన్న ముక్క కాల్చి చూశాడు. ఎప్పుడు కోశారో, ఎంతకాలం మగ్గబెట్టారో రైతులను అడిగి తెలుసుకున్నాడు. మళ్ళీ ఆకు కోతలొచ్చేసరికి సూరమ్మను పిలిచి ఒక చుట్ట ఇచ్చాడు. ఈసారి పై ఆకు పసుపూ కాదు, నలుపూ కాదు, చింతపండు రంగు. ఆమె ఒక్కసారీ దగ్గకుండా చివరిదాకా తాగింది.

"ఇంకా ఆ కొట్టు తాళాలు నీ మొలకెందుకయ్యా ఎంకటసామీ? కుర్రోడికిచ్చెయ్," అంది.

వెంకటస్వామి సంతోషంగా తాళాలు తీసి మేనల్లుడి చేతిలో పెట్టాడు.

పైరంగు చూసి గుణం తేల్చెయ్యకూడదు. దగ్గరికి వెళ్ళి పరీక్షించి చూశాకే దేన్నయినా మెచ్చాలి, దేన్నయినా కాదనాలి.