గిన్నెలో పెట్టి పంపిన మాత్రలు

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో మూడే మూడు ఇళ్ళున్న ఒక సందు. ఆ సందులో వాళ్ళకి ఒక పట్టింపు ఉండేది. పక్కింటి నుంచి కూర వచ్చిందంటే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు. నాలుగు మిరపకాయలైనా, గుప్పెడు పప్పైనా వేసి పంపాలి. ఆ రూలు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగినవాళ్ళు లేరు. అడక్కూడదా అంటే, అడగాలి తల్లీ. అడగనందుకే ఈ కథ.

మొదటి ఇంట్లో మంగతాయారు. ఆవిడ మొగుడు సత్తిరాజుకి బీపీ. డాక్టరు గారు పాత మాత్ర మాన్పించి కొత్తది రాశారు. పాతవి ఆరు మిగిలాయి. అట్ట మీద పేరున్న ముక్క ఎప్పుడో కత్తిరించి పారేశారు. మాత్రలు కూడా పారేద్దామంటే మంగతాయారుకి చెయ్యి రాలేదు. మందు కదా, పారేస్తే పాపమేమో. దాచుకుందామంటే ఎవరి కోసం? ఏదీ తేలక, పోపుల డబ్బా పక్కన పెట్టింది.

అప్పుడు రెండో ఇంటి నూకాలు గుత్తివంకాయ కూర పట్టుకొచ్చింది. ఆ రోజు మంగతాయారు ఇంట్లో తిరిగి పెట్టడానికి ఏమీ లేదు. అటు చూసింది, ఇటు చూసింది, ఆ మాత్రలు గిన్నెలో వేసి ఇచ్చింది. "మా ఆయనకి బాగా పనిచేశాయి నూకాలూ, మీలో ఎవరికైనా అక్కరకొస్తాయి" అంది. దేనికి పనిచేశాయో ఆవిడ చెప్పలేదు, ఈవిడ అడగలేదు.

నూకాలుకి ఏం చెయ్యాలో తోచలేదు. వాళ్ళింట్లో ఎవరికీ జబ్బు లేదు. ఆ తర్వాత, మూడో ఇంటి చిట్టెమ్మ పచ్చడి గిన్నె తన దగ్గర ఉండిపోయిందని గుర్తొచ్చింది. చిట్టెమ్మ అత్తగారు అప్పాయమ్మకి మోకాళ్ళ నొప్పులు. నొప్పులకే అయ్యుంటాయి అనుకుని మాత్రలు ఆ గిన్నెలోకి మార్చి పంపేసింది. చూశావా, ఇక్కడ 'అయ్యుంటాయి' అనుకున్నది చిట్టెమ్మ గుమ్మం దాటేసరికి 'నొప్పులకేనట' అయింది.

అప్పుడు చిట్టెమ్మ తన అత్తగారికి రెండు మాత్రలు ఇచ్చింది. అప్పాయమ్మ అవి వేసుకుంది. కాసేపటికి మంచం మీంచి లేవబోయి, కళ్ళు తిరిగి కూలబడింది. ఒళ్ళంతా చెమట. మాట ముద్దముద్దగా వస్తోంది.

మేరీ సిస్టరు, అదే, ఊళ్ళో సూదులేసే నర్సమ్మ, పరిగెత్తుకొచ్చింది. చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ బాగా పడిపోయింది. వెంటనే అంబులెన్సుకి ఫోను చేసింది. "ఏం మాత్ర వేసుకుంది? ఆస్పత్రిలో మొదట అడిగేది అదే" అంది.

"గిన్నెలో వచ్చింది" అంది చిట్టెమ్మ.

"ఎవరి గిన్నె?"

"మాదే. మా మామగారి పేరు చెక్కించాం, చూడండి."

"మీ గిన్నెలో మీ ఇంటికి ఎలా వచ్చిందమ్మా?"

నూకాలు ముందుకొచ్చి, "పంపింది నేనే. కానీ అవి నావి కావు, నాకూ నా గిన్నెలోనే వచ్చాయి" అంది. సిస్టరు తల పట్టుకుంది. తికమకగా ఉందా బుజ్జీ? నాకూ అంతే, చెప్తూ చెప్తూ నేనే తప్పిపోతున్నాను.

మంగతాయారు తలుపు వెనక నిలబడి అంతా వింటోంది. చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే ముసలావిడ పోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఆ తర్వాత సత్తిరాజు పాత మందుల చీటీ పట్టుకుని సందు మధ్యకి వచ్చింది. "అవి మావే సిస్టర్. బీపీవి. నేనే పంపాను" అంది.

సిస్టరు ఆ చీటీ తీసుకుని అంబులెన్సు ఎక్కింది. రెండు రోజులు ఆ సందులో ఎవరికీ అన్నం సయించలేదు.

ఇక నాలుగు మాత్రలు మిగిలాయి. నూకాలు కాలవలో వేద్దామంది. కాలవ నిండా బాతులు. చిట్టెమ్మ పొయ్యిలో వేద్దామంది. ఆ పొగ పీల్చేదెవరు? సత్తిరాజు గొయ్యి తీసి పాతేద్దామన్నాడు. కోళ్ళు గీకి బయటికి లాగితే? ఎటూ తోచక, ఆ నాలుగు మాత్రల్నీ మధ్యలో పెట్టుకుని అందరూ కాపలా కూర్చున్నారు.

మూడో రోజు అప్పాయమ్మ తన కాళ్ళ మీద తానే నడిచొచ్చింది, వెనకాలే సిస్టరు. "మన ఆరోగ్య కేంద్రంలో పాత మందులకని ఒక డబ్బా పెట్టాం, అందులో వెయ్యండి" అంది సిస్టరు. డబ్బా లేని ఊరివాళ్ళ సంగతేంటని సత్తిరాజు అడిగాడు. "మాత్రలు అట్టలోంచి తీసి, వాడేసిన టీపొడిలోనో మట్టిలోనో కలిపి, కవరు మూతి బిగించి కట్టి చెత్తబండికి ఇవ్వాలి. అంతవరకూ పిల్లలకీ పశువులకీ అందకూడదు. కొన్ని మందులకి వేరే పద్ధతి ఉంటుంది, తెలియకపోతే నన్నడగండి" అంది.

మంగతాయారు వంగి అప్పాయమ్మ కాళ్ళు పట్టుకోబోయింది. ముసలావిడ పైకి లేపి, "నీ మొగుడి మందు నీ మొగుడికే మందు. నేను వేసుకుంటే ఈ చిట్టెమ్మ నాకు ఇద్దరుగా కనబడింది. ఒక్క కోడలితోనే వేగలేక చస్తున్నాను. పద, ఆ డబ్బా ఎక్కడుందో చూపించు" అంది.

అప్పుడు మంగతాయారు ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళింది. మాత్రలు డబ్బాలో వేసింది మాత్రం అప్పాయమ్మే.

కథేమో కంచికి,
మిగిలిన మందేమో డబ్బాకి,
మనమేమో మంచానికి.