అడిగింది అందినప్పుడు

ఖుర్షీద్ బేగం అరిచిన అరుపుకు ఆ చిన్నపిల్ల భయపడి, కూర్చున్న చాప మీదే బట్టలు తడుపుకుంది.

పిల్ల పేరు సఫియా. చేసిన తప్పల్లా ఒక అక్షరం సరిగా పలకలేకపోవడమే. మర్నాటి నుంచి పాఠానికి రావడం మానేసింది.

పెన్నా ఒడ్డునున్న ఆ పేటలో ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేది ఖుర్షీదే. ఓర్పుకు పేరుపడ్డ మనిషి. పిల్లలు ఎన్నిసార్లు తప్పు చదివినా నవ్వుతూ మళ్ళీ చెప్పేది. "ఇంత ఓర్పు ఎలా వచ్చింది మీకు?" అని తల్లులు అడిగితే, "అంతా మా గురువు అమ్మాజాన్ దగ్గర కూర్చుని సాధించుకున్నదే" అనేది. అలా అన్నప్పుడల్లా లోపల కాస్త గర్వంగా ఉండేది.

నెలసరి ఆగిపోయాక ఆ ఓర్పంతా ఏమైందో తెలియలేదు. ఉన్నట్టుండి ఛాతీలోంచి సెగ లేచి, మెడ మీదుగా ముఖమంతా పాకేది. రవిక తడిసి ముద్దయ్యేది. కాసేపటికే చలి. నిద్ర కరువైంది. కారణం లేకుండా ఏడుపొచ్చేది. అంతకంటే ఎక్కువగా కోపం వచ్చేది.

సఫియా రాని మూడో రోజు ఆమె జమాల్ బీ దగ్గరికి వెళ్ళింది. జమాల్ బీ ముసలావిడ. దర్గా వెనక గదిలో ఉంటుంది. ఆడవాళ్ళకు జపధ్యానాలు నేర్పే గురువు ఆవిడే. అందరికీ అమ్మాజాన్.

"ఇక పాఠం చెప్పను అమ్మాజాన్. నాకు ఆ అర్హత లేదు" అంది ఖుర్షీద్, జరిగిందంతా చెప్పి. "ఈ కోపం తగ్గించమని అయిదు పూటలా దువాలో అల్లాను అడుగుతున్నాను. జపం పెంచాను. ఉపవాసాలు ఉన్నాను. ఇంకేం చేయమంటారో చెప్పండి."

"డాక్టరుకు చూపించుకున్నావా?"

"చూపించుకున్నాను. నాకు రొమ్ములో క్యాన్సర్ వచ్చి తగ్గింది కదా, అందుకని హార్మోను మాత్రలు వద్దంది. వేరే మాత్ర రాసిచ్చింది."

"వేసుకుంటున్నావా?"

ఖుర్షీద్ తల వంచుకుంది.

"అది దిగులుకు ఇచ్చే మందు, అమ్మాజాన్. కొద్ది మోతాదులో ఇస్తే ఈ సెగలు కూడా తగ్గుతాయట. కానీ ఇన్నేళ్ళు మీ దగ్గర కూర్చున్నదాన్ని. మనసు కుదురుగా ఉండటానికి మాత్ర మింగితే, ఇక నేను నేర్చుకున్నదేముంది?"

జమాల్ బీ చెయ్యి చాచింది. "ఏదీ, ఆ మాత్ర?" అంది.

సంచి అడుగున ఉంది. అట్ట కూడా విప్పలేదు.

"ఎలా వేసుకోమంది?"

"రోజూ అన్నం తిన్నాక. మొదట్లో కాస్త వికారంగా ఉండొచ్చట. అప్పుడప్పుడూ బీపీ చూపించుకోమంది. తనకు చెప్పకుండా ఉన్నట్టుండి మానేయొద్దంది."

"తిన్నావా?"

"తిన్నాను."

జమాల్ బీ చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. గ్లాసులో నీళ్ళు పోసింది. బిస్మిల్లా అంటూ అట్టలోంచి ఒక మాత్ర తీసి ఖుర్షీద్ అరచేతిలో పెట్టింది.

తర్వాత మంచం పట్టె పట్టుకుని లేవడం మొదలుపెట్టింది.

మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. నమాజు కూడా కుర్చీలో కూర్చునే చేసుకుంటుంది. ఎంత పెద్దవాళ్ళొచ్చినా కూర్చునే పలకరిస్తుంది. మక్కా నుంచి ఎవరైనా జమ్‌జమ్ నీళ్ళు తెచ్చినప్పుడు మాత్రం, ఆ పవిత్రజలాన్ని నిలబడే అందుకోవాలని పట్టుబట్టి, ఇద్దరి సాయంతో లేస్తుంది. ఇప్పుడు ఒక్కతే లేచింది. పైట తలమీదికి లాక్కుని, వణికే కాళ్ళ మీద నిటారుగా నిలబడింది.

ఖుర్షీద్ కంగారుగా లేచింది. "పడిపోతారు అమ్మాజాన్, కూర్చోండి! ఉత్త మాత్రే కదా, దీనికి మీరు లేవడమేంటి?"

"అయిదు పూటలా అడిగానన్నావు. అడిగింది చేతికందుతుంటే కూర్చుని ఉంటామా, బేటీ?"

ఖుర్షీద్‌ అరచేతిలోకి చూసుకుంది. ఎక్కడో, ఏ దేశంలోనో, తన ముఖమైనా ఎరగని మనుషులు తన మెడ మీది సెగ గురించి ఆలోచించారు. దాన్ని తగ్గించే దారి వెతికారు. అది ఎన్ని చేతులు మారి ఈ చేతిలోకి వచ్చిందో! నిలబడే మింగింది.

కొన్ని వారాలకు సెగలు పలచబడ్డాయి. పూర్తిగా పోలేదు. నిద్ర మాత్రం తిరిగొచ్చింది. ఒకరోజు పొద్దున సఫియా వాళ్ళింటికి వెళ్ళి, గడప ముందు నేలమీద కూర్చుని, "నన్ను మాఫ్ చేస్తావా?" అని ఆ పిల్లనే అడిగింది. తల్లి కొంగు వెనక నుంచి సఫియా చాలాసేపు చూసింది. మర్నాడు పాఠానికి వచ్చింది. ఆ అక్షరానికి ఇంకా నోరు తిరగలేదు. ఖుర్షీద్ తొందరపెట్టలేదు.

తర్వాత జమాల్ బీ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆవిడ అడిగింది. "నీ ఓర్పు తిరిగొచ్చిందా?"

"వచ్చింది, అమ్మాజాన్."

ఖుర్షీద్ కళ్ళు తుడుచుకుని, మెల్లగా అంది.

"ఇన్నాళ్ళూ అది నాదే అనుకున్నాను."