ప్రెసిడెంటుగారి కారులో మోత

తారురోడ్డు ఇంకా రాని ఊళ్లో ప్రెసిడెంటు అప్పలనరసయ్యగారికి కారు మాత్రం వచ్చేసింది. అందులో స్టీరియో సర్దే పని, బడ్డీలో రేడియోలు బాగుచేసుకునే నూకాలు నెత్తిన పడింది.

"చిన్న స్పీకరుకి సన్న స్వరాలు, పెద్దదానికి డప్పుల మోత. ఎవరి పని వాళ్లకి క్రాసోవరు పంచుతుందండి," అని నూకాలు చెప్పబోయింది.

"నా కారులో పంపకాలేంటే! అన్ని స్పీకర్లూ అన్నీ వాయించాలి. ఈక్వలైజరు మీటలన్నీ పైకి తొయ్యి. ఊరు అదరకపోతే నీ బడ్డీ పీకిస్తా!"

మాట వింటే స్పీకర్లు చిరుగుతాయి, అప్పుడూ బడ్డీ పోతుంది. నూకాలు "చిత్తం" అని ఆయన చెప్పినట్టే పెట్టి, తన ఫోనులోంచి ఏదో వినిపించింది. కారంతా గుంయ్‌మని ఊగింది. వెనకసీట్లో ప్రెసిడెంటుగారి భార్య సింహాద్రమ్మ చెవులు మూసుకుంది.

"ఆపవే! ఎవడే వాడు, బురదలో దిగబడ్డ దున్నలా ఆ అరుపేంటి? ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ముందు వాణ్ణి స్టేజి దింపాలి!" అని ప్రెసిడెంటుగారు కేకేశారు.

"మొన్న బోరింగు దగ్గర తమరిచ్చిన ఉపన్యాసమేనండి. ఇలాగే ఊరంతా తిప్పుదామా, నాకు తెలిసినట్టు సర్దమంటారా?"

ప్రెసిడెంటుగారు మీసం సవరించుకుని, "సర్దు, సర్దు," అన్నారు.

నూకాలు మీటలు దించి, స్పీకర్లకి పని పంచింది. ఈసారి ప్రతి మాటా తేటగా వినిపించింది.

"ఎంత బాగా చెప్పానే!" అని ఆయన మురిసిపోయారు. "నీ బడ్డీ జోలికి ఎవడొస్తాడో చూస్తా."

సింహాద్రమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "నూకాలూ, అలాంటి మీటలు ఈయనకీ ఎక్కడో ఉంటాయి, కాస్త వెతికి పెట్టవే తల్లీ!"

అందరికంటే గట్టిగా నవ్వింది ప్రెసిడెంటుగారే.