పటేలు పొయ్యి మీది బోనాలు

"రూక కట్టనిదే బోనం గుడి మెట్టెక్కది," అన్నడు ముత్యం పటేలు.

"వండేది ఆడిది, తినే అమ్మ ఆడిది. నడుమ నీ రూకేంది పటేలా?" అన్నది కుమ్మరి మల్కవ్వ.

ఈ కొట్లాట ఏండ్ల నుంచి నడుస్తనే ఉన్నది. రూకలన్నీ అమ్మ హుండీలనే పడుతయి, అండ్ల అబద్ధం లేదు. హుండీ బరువు చూసి రాజు తనకు వెండి కడియం తొడగాలని పటేలు ఆశ. పోయినేడు రూక లేక మల్కవ్వ నెత్తి మీది బోనంతోనే ఇంటికి మళ్లింది. కొందరు ఇది మా పుట్టింటి బోనం, రూక వాళ్లే కడుతరని చెప్పి తప్పించుకున్నరు.

అందుకని పటేలు ఈసారి డప్పు కొట్టించిండు. బోనం ఎవరు మోసినా సరే, ఏ ఇంటి పొయ్యి మీద ఉడికితే ఆ ఇంటి యజమాని బోనానికో రూక కట్టాలె.

డప్పు విన్న మల్కవ్వ సీదా పటేలు పెండ్లాం దగ్గరికి పోయింది.

"అక్కా, మీ ఇంట్ల పెండ్లికి వరుసగ కుండలు పెట్టను తవ్విన గాడిపొయ్యి ఇంకా ఉన్నదా?"

పటేలమ్మ నవ్వింది. "ఉన్నది. కట్టెలు గూడ ఉన్నయి. అందర్నీ రమ్మను."

బోనాల నాడు పటేలు తెల్లారకముందే పోయి హుండీ కాడ కూసున్నడు. పొద్దెక్కినంక ఆడోళ్లు వేపకొమ్మలు, దీపాలు పెట్టిన కుండలెత్తుకొని వరుసగ వచ్చిండ్రు. అందరికంటె ముందు పటేలమ్మ.

"నీది ఏ పొయ్యిదే?" అని ఆమె వెనుకున్న మల్కవ్వను అడిగిండు పటేలు.

"మీదే పటేలా."

ఆ వెనుకామె గూడ అదే అన్నది. ఆ వెనుకామె గూడ అంతే.

"చాటింపు నువ్వేసిందే," అన్నది పటేలమ్మ. "కడుతవా, నన్ను గూడ ఇంటికి మళ్లమంటవా?"

ఊరంత చూస్తున్నది. పటేలు నడుముకున్న సంచి విప్పి, ఒక్కో కుండకు ఒక్కోటి హుండీల వేసుకుంట పోయిండు. అన్ని కలిపి నలభై ఒక్క రూకలు.