ఏనుగు వెల లడ్డూ

ఒకానొక సంస్థానంలో ఉద్దండ జగపతి అని ఒక ప్రభువు ఉండేవాడు. ఆయనగారి మీసాలు సభలోకి వచ్చిన ఘడియకు గానీ ఆయన వచ్చేవాడు కాదు. తుమ్మితే ఏడూళ్ల కోళ్లు తెల్లారిందనుకుని కూసేవి. ఇది తగ్గించి చెప్పిన మాటే సుమా!

అంతటివాడికి ఓ చిక్కు వచ్చిపడింది. తెల్లదొరసాని కోట బజారు చూడడానికి వస్తోంది. మిఠాయి కొట్ల వెంట ఆమెను తిప్పుతూ నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడాలి. పంతుళ్లు వచ్చారు, పోయారు. "మళ్లీ అనండి ప్రభూ" అన్న ప్రతి పంతులుకూ ఒకటే జవాబు: "రాజన్నవాడు ఏ మాటా రెండోసారి అనడు!"

చివరికి ఆ పని సభలో హాస్యగాడు బుచ్చిలింగం నెత్తిన పడింది.

"రేపు పొద్దు గూకేలోగా మాకు ఇంగ్లీషు రావాలి. రాలేదో, నీకు గుండు గీయించి, గాడిదెక్కించి పొలిమేర దాటిస్తాం."

బుచ్చిలింగం తల తడుముకున్నాడు. ఆ కాస్త జుట్టంటే అతనికి ప్రాణం.

మర్నాడు కోట ముంగిట్లో మిఠాయి కొట్టు వెలిసింది. బండిచక్రాలంత జిలేబీలు, ఫిరంగి గుండ్లంత లడ్డూలు! నేతి వాసనకు కావలివాళ్లు బల్లేలు పారేసి వరసకట్టారు. తలపాగా చుట్టి బుచ్చిలింగమే కొట్లో కూర్చున్నాడు.

"ఏలినవారు ఒక్కసారి వింటే చాలు. తీపిగా ఉంటే 'స్వీట్'. ధర ఎక్కువైతే 'టూ మచ్'. తగ్గించాలంటే 'లెస్'. కొసరు కావాలంటే 'వన్ మోర్'. ఇక ఈ కొట్లో తెలుగు చెల్లదు."

ప్రభువు లడ్డూ వైపు వేలు చూపాడు.

"వన్ ఎలిఫెంట్!" అన్నాడు బుచ్చిలింగం, గజశాల వైపు చెయ్యి చాపి.

"ఒక్క లడ్డూకు మా పట్టపుటేనుగా!"

బుచ్చిలింగం తెలుగు రానట్టు దిక్కులు చూశాడు.

"టూ మచ్!" అని ఉరిమాడు ప్రభువు.

"వన్ హార్స్?" అంటూ గుర్రపుశాల చూపించాడు.

"టూ మచ్! లెస్!"

"వన్ కౌ?"

"లెస్! లెస్! టూ మచ్!"

ఆ అరుపులకు బురుజు సున్నం రాలింది. పావురాలు పక్క సంస్థానానికి వలసపోయాయి. ప్రభువు పట్టుపంచె ఎగగట్టి, తొడగొట్టి మరీ బేరమాడాడు. ఆవు మేకైంది, మేక కోడైంది, కోడి గుడ్డయింది. గుడ్డు దగ్గర బేరం తెగింది. లడ్డూ నోట్లో పడగానే "స్వీట్! స్వీట్!" అని కళ్లు మూశాడు. మూసిన కళ్లతోనే చెయ్యి చాపి "వన్ మోర్!" తట్ట అడుగు కనబడేదాకా "వన్ మోర్!"

పొద్దు గూకింది. మీసాలకంటిన నెయ్యి తుడుచుకుని సభలో సింహాసనమెక్కాక ప్రభువుకు రాచరికం గుర్తొచ్చింది.

"పాఠమేదోయ్ లింగం? లడ్డూలు తిన్నాం, అంతే. మేము ఏ మాటా రెండోసారి అనలేదు. మంగలిని పిలవండి!"

'అన్నారు ప్రభూ' అని చెప్పే మొనగాడు సభలో ఎవడు? మంగలి వచ్చి కత్తి నూరాడు. బుచ్చిలింగం బుద్ధిగా తల వంచాడు.

"చిత్తం ప్రభూ. గుండు నాది గనక కూలి నేనే చెబుతాను. ఇతనికి వన్ ఎలిఫెంట్ ఇప్పించండి."

"టూ మచ్!" గర్జించాడు ప్రభువు. "టూ మచ్! లె..."

అక్కడ ఆగిపోయాడు. ముందు మీసాలు కదిలాయి, తర్వాత బొజ్జ కదిలింది, ఆపైన సింహాసనమే కదిలింది. అంత నవ్వు నవ్వాడు!

"మమ్మల్నే బేరంలో ముంచావు కదరా!" అంటూ మెళ్లో ముత్యాల హారం తీసి అతని మెళ్లో వేశాడు.

బుచ్చిలింగం హారం చూసుకున్నాడు. మళ్లీ చెయ్యి చాపాడు.

"మరి కొసరో, మహాప్రభూ?"

నవ్వాపుకోలేక ప్రభువు వేలి ఉంగరం కూడా ఊడదీసి ఆ చేతిలో పెట్టాడు.