లాగి చూడనివ్వని గూడు

అనగనగా ఒక అడవిలో, ఆషాఢ బహుళ పంచమి నాడు, తెల్లవారినప్పటి నుంచీ సన్నని తుంపర. గాలి మాత్రం లేదు. ఆ రోజే నారప్ప అనే గిజిగాడు వాగు మీదికి వంగిన ఈతచెట్టుకు గూడు అల్లడం మొదలుపెట్టాడు.

పిల్లలూ, గిజిగాళ్లలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట సగం గూడు అల్లి ఆగాలి. అప్పుడు ఆడపిట్ట వచ్చి, ముక్కుతో పోగుల్ని గట్టిగా లాగి చూస్తుంది. ఊడకపోతేనే కాపురం. నా పెళ్లిచూపుల్లో కూడా ఇంత పరీక్ష లేదు. ఎక్కాలు అడిగి వదిలేశారు. సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

నారప్పకు గడ్డి గూళ్లంటే విసుగు. మొదటి రోజు పాము కుబుసం తెచ్చాడు. రెండో రోజు బూరుగు దూది. మూడో రోజు జాలరులు పారేసిన నీలిరంగు నైలాన్ దారం. అన్నీ కలిపి అల్లాడు. ఎండ పడితే ఆ గూడు నెమలిమెడలా మెరిసేది.

పక్క మట్ట మీది ముసలి గిజిగాడు బసవన్న చూశాడు.

"ఒరే నారప్పా, గడ్డి ఎండేకొద్దీ ముడి బిగుస్తుంది. ఆ దారం నున్నగా ఉంటుంది, జారిపోతుంది. దూదీ కుబుసం ఎంతైనా పెట్టుకో. ముడి మాత్రం గడ్డితో వెయ్యరా."

"నీ గూడు పిడకల బుట్టలా ఉంది తాతా. నువ్వా నాకు చెప్పేది?"

అంతలో పసిమి అనే ఆడపిట్ట వచ్చింది. గూడు చుట్టూ మూడుసార్లు తిరిగింది. ముక్కు చాచింది.

"ఆగాగు! చూడు, లాగకు. అల్లిక చెదురుతుంది," అన్నాడు నారప్ప.

"లాగకపోతే ఎలా తెలుస్తుందయ్యా? గుడ్లు పెట్టేది నేను."

"నా పని మీద నమ్మకం లేకపోతే బసవన్న బుట్టలోకే పో."

పసిమి ఆ నీలి మెరుపు వైపు ఇంకోసారి చూసింది. ముక్కు వెనక్కి తీసుకుంది.

శ్రావణంలో ఆ గూట్లోనే మూడు గుడ్లు పెట్టింది. పౌర్ణమి నాటి మధ్యాహ్నం పెద్దగాలి లేచింది. మొదట ఒక ముడి జారింది. తర్వాత రెండోది. మూడోది జారాక గూడు వాగులో పడింది. పసిమి ఎగిరి బయటపడింది. గుడ్లు కొట్టుకుపోయాయి.

"ఒక్కసారి లాగనిచ్చి ఉంటే..." అంది పసిమి. నారప్ప తల దించుకున్నాడు. ఆమె వెళ్లిపోయింది. అతను మళ్లీ అల్లలేదు.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన దూది ఉడుతకు దక్కింది. కుబుసం చీమలకు. నీలి దారం కాకికి. ఈతమట్ట బసవన్న మనవడికి. పసిమికి ఏమీ దక్కలేదు.

నీతి: నీ పనిని నమ్ముకుని బతకబోయేవాళ్లను, ముందుగా దాన్ని లాగి చూడనివ్వు.